ఒకడి నేరానికి ఆరుగురికి తూటాలు

మూఢనమ్మకం అనగానే మన హేతువాదులకు బాబాలు, తాయెత్తులు, వాస్తు, జాతకాలు గుర్తుకొస్తాయి. గుడికి పోకపోతే, ముహూర్తం చూడకపోతే మూఢనమ్మకాల నుంచి బయటపడినట్లే అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఇంకొందరు యూరప్ ను చూపిస్తారు. అక్కడ చర్చిలు ఖాళీ అయ్యాయి, మనుషులు హేతుబద్ధంగా ఆలోచిస్తున్నారు, మనమే వెనకబడి ఉన్నాం అని వాపోతారు. అలాంటి మిత్రులు ఒక యూరప్ నగరంలో జరిగిన సంగతి తెలుసుకోవాలి.

ఇటలీ మధ్యభాగంలో మార్కె ప్రాంతం ఉంది. అందులో మచెరాతా అనే చిన్న నగరం. జనాభా 42 వేలకు అటూ ఇటూ. 1290 నాటి విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. 2018 ఫిబ్రవరి 3న లూకా త్రైని అనే 28 ఏళ్ల వ్యక్తి నల్లరంగు ఆల్ఫా రోమియో కారులో ఆ ఊరి వీధుల్లో తిరుగుతూ, కనిపించిన నల్లవాళ్ల మీద పిస్టల్ తో కాల్పులు జరిపాడు. ఆరుగురు గాయపడ్డారు. ఐదుగురు మగవాళ్లు, ఒక స్త్రీ. నైజీరియా, ఘనా, గాంబియా, మాలి దేశాలవాళ్లు. అప్పుడు అధికారంలో ఉన్న డెమొక్రటిక్ పార్టీ ఆఫీసు మీద కూడా కాల్చాడు. చివరికి యుద్ధవీరుల స్మారకం దగ్గరకు పోయి, భుజాల మీద ఇటలీ జెండా కప్పుకుని, చెయ్యి చాచి ఫాసిస్టు వందనం చేశాడు. అక్కడే పోలీసులకు దొరికాడు. ఇల్లు సోదా చేస్తే హిట్లర్ రాసిన మైన్ కాంఫ్ బయటపడింది. అంతకుముందు ఏడాది పక్కనే ఉన్న కొర్రిదోనియా మునిసిపల్ ఎన్నికల్లో ఇతను లేగా నోర్డ్, అంటే ఉత్తర లీగ్ అభ్యర్థి. ఒక్క ఓటు కూడా రాలేదు.

ఎవరూ చనిపోలేదు. అది అతని దయ కాదు, గురి తప్పడం. సామూహిక హత్యాయత్నం, దానికి తోడు జాతి ద్వేషం అనే నేరాల కింద 2018 అక్టోబరులో కోర్టు అతనికి 12 ఏళ్ల శిక్ష వేసింది.

ఎందుకు కాల్చాడు? నాలుగు రోజుల ముందు, జనవరి 30న, ఆ నగరానికి దగ్గరలో రోడ్డు పక్కన రెండు సూట్ కేసుల్లో ఒక 18 ఏళ్ల రోమ్ అమ్మాయి శవం ముక్కలై దొరికింది. మత్తుమందుల అలవాటు మాన్పించే కేంద్రం నుంచి ఆమె అంతకుముందు రోజే వెళ్లిపోయింది. ఒక నైజీరియన్ ను పోలీసులు అరెస్టు చేశారు. తర్వాత అతని నేరం రుజువైంది. 2019లో యావజ్జీవ శిక్ష పడింది. ఇది భయంకరమైన నేరం. ఈ నేరాన్ని తగ్గించి చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు, నాకూ లేదు.

కానీ తూటాలు తగిలిన ఆరుగురికీ ఆ నేరానికీ సంబంధం ఏమిటి? వాళ్లలో ఎవరూ ఆ కేసులో నిందితులు కారు. అందరూ నైజీరియన్లు కూడా కారు. గాంబియాకూ నైజీరియాకూ మధ్య రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరం. భాష వేరు, చరిత్ర వేరు. రోమ్ లో ఒకడు హత్య చేశాడని మాస్కోలో ఒకణ్ణి కాలిస్తే పిచ్చివాడంటాం. ఇక్కడ మాత్రం లోకం దాన్ని "ఆవేశం" అంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే ఉరుముకు బుద్ధి లేదు. పిస్టల్ పట్టుకున్నవాడు మంగలాన్ని వెతుక్కుంటూ కారులో తిరిగాడు.

ఈ తర్కం హేతువాదులకు కొత్తది కాదు. మన పల్లెల్లో చేతబడి పేరుతో జరిగే హత్యల్లో ఉన్నది ఇదే. ఊళ్లో ఒక పిల్లవాడు చనిపోతాడు. కారణం తెలియదు, లేదా తెలిసినా చాలదు. ఒక పుకారు లేస్తుంది. ముందే అందరికీ గిట్టని ఒక ముసలామె మీదకో, వెలివాడలోని ఒక మనిషి మీదకో వేలు చూపిస్తారు. రుజువు అడిగేవాడు ఉండడు. ఆమె చూపే రుజువు, అతని ఇల్లే రుజువు. పళ్లు ఊడగొడతారు, చంపుతారు. ఊరికి పట్టిన పీడ వదిలింది అనుకుంటారు. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

మచెరాతాలో జరిగింది దీనితో పోల్చి చూడండి. ఒక మరణం. ఒక పుకారు. ముందే గిట్టని ఒక గుంపు. ఒంటి మీద కనిపించే ఒక గుర్తు. ఆ గుర్తు ఉన్నవాడల్లా దోషి. వాళ్లను కొడితే దేశానికి పట్టిన పీడ వదులుతుంది. నరబలి, మంత్రతంత్రాలు అనే పుకార్లు కూడా అక్కడ లేచాయి. ఆఫ్రికావాళ్లు గనుక అలాంటిదేదో చేసే ఉంటారని! కోర్టులో తేలింది హత్య, శవాన్ని మాయం చేసే ప్రయత్నం. మంత్రం ఎక్కడా తేలలేదు. క్షుద్రపూజ గురించిన మూఢనమ్మకం అక్కడ ఉన్నది నల్లవాళ్ల దగ్గర కాదు, వాళ్ల గురించి మాట్లాడుకున్నవాళ్ల దగ్గర.

అంటే జాతి ద్వేషం ఒక దురభిప్రాయం మాత్రమే కాదు, అసలైన మూఢనమ్మకం. కంటికి కనిపించని ఒక చెడుగుణం రక్తంలో ఉంటుందనీ, చర్మం దాన్ని బయటపెడుతుందనీ, ఒకడి పాపం ఆ రంగున్న వాళ్లందరికీ అంటుకుంటుందనీ నమ్మడం. దీనికీ గ్రహణం మైల అంటుతుందనే నమ్మకానికీ తేడా చెప్పగలరా? దేవుడి పేరు లేనంత మాత్రాన ఇది మన పరిధిలోకి రాదా?

ఇక్కడ కొందరు మిత్రులు "సైన్సు తెలియకపోవడం వల్ల వచ్చిన సమస్య" అని తేలిగ్గా తేల్చేస్తారు. అది నిజం కాదు. ఈ నమ్మకం లాబొరేటరీ కోటు వేసుకుని కూడా తిరిగింది. 1876లో చెజారె లొంబ్రోసో అనే ఇటలీ వైద్యుడు నేరస్థులు పుట్టుకతోనే నేరస్థులని, పుర్రె చూసి, ముఖం చూసి చెప్పవచ్చని ఒక పుస్తకం రాశాడు. అతన్ని లోకం నేరశాస్త్ర పితామహుడంది. అతని శిష్యులు దక్షిణ ఇటలీ ప్రజలదే తక్కువ జాతి అని తేల్చారు. 1938 జూలైలో ముస్సోలినీ పాలనలో జాతి శాస్త్రవేత్తల ప్రకటన వెలువడింది. మానవ జాతులున్నాయి, అది కేవలం జీవశాస్త్ర విషయం అని అందులో రాశారు. పదిమంది శాస్త్రవేత్తల పేర్లు దాని కింద ఉన్నాయి. పూజారులవి కావు. ఆ ఏడాదే యూదులను బడుల నుంచి, ఉద్యోగాల నుంచి వెళ్లగొట్టే చట్టాలు వచ్చాయి.

దాన్ని కూల్చింది కూడా సైన్సే. 1972లో రిచర్డ్ లెవొంటిన్ లెక్క తేల్చాడు. మనుషుల మధ్య ఉన్న జన్యుపరమైన తేడాల్లో దాదాపు 85 శాతం ఒకే జనసమూహంలోని వ్యక్తుల మధ్యనే ఉన్నాయి. తర్వాత వచ్చిన పరిశోధనలు దాన్ని బలపరిచాయి. ఇటలీలోనే పుట్టిన లుయిజి లూకా కవల్లి-స్ఫోర్జా జీవితమంతా ప్రపంచ జనాల జన్యువులను పోల్చి, జాతి అనే విభజనకు జీవశాస్త్రంలో ఆధారం లేదని చూపించాడు. ఆయన చనిపోయింది 2018లో. ఆయన సొంత దేశంలో చర్మం రంగు చూసి మనుషులను కాల్చిన ఏడాది అది. సాక్ష్యం బయటికి వచ్చినంత మాత్రాన నమ్మకం చావదు. నమ్మకానికి లాభం పొందేవాళ్లు ఉన్నంతకాలం బతుకుతుంది. బాబాల విషయంలో మనం నేర్చుకున్న పాఠం ఇదే కదా!

మచెరాతాలో ఎవరు లాభపడ్డారు? అప్పటికి నెలరోజుల్లో, మార్చి 4న, పార్లమెంటు ఎన్నికలున్నాయి. లీగ్ నాయకుడు మత్తేయో సాల్విని, కాల్చినవాడు నేరస్థుడే అంటూనే, దేశాన్ని అక్రమ వలసదారులతో నింపినవాళ్లదే అసలు బాధ్యత అన్నాడు. మాజీ ప్రధాని బెర్లుస్కోని, దేశంలో ఆరు లక్షలమంది అక్రమ వలసదారులున్నారు, ఇది పేలడానికి సిద్ధంగా ఉన్న బాంబు అన్నాడు. తూటాలు తిన్నది ఆఫ్రికన్లు, బాంబు కూడా ఆఫ్రికన్లేనట! చివరికి అధికార పక్షానికి చెందిన హోంమంత్రి మార్కో మిన్నిటి కూడా, ఇలాంటివాడు వస్తాడని తాను పది నెలల ముందే ఊహించాననీ, అందుకే వలస విధానం మార్చామనీ చెప్పుకున్నాడు. అంటే కాల్చేవాడికి కోపం రాకుండా ఉండాలంటే కాల్పులకు గురయ్యేవాళ్లను రానివ్వకూడదు. దీన్నే మన పల్లెల్లో "ఆమెను ఊళ్లోంచి పంపించేస్తే గొడవే ఉండదు" అంటారు.

ఎన్నికల ఫలితం ఏమైంది? మచెరాతాలో 2013లో ఒక్క శాతం ఓట్లు కూడా రాని లీగ్ కు 2018లో దాదాపు 20 శాతం వచ్చాయి. జూన్ లో సాల్విని హోంమంత్రి అయ్యాడు. ఒక్క ఓటు రాని అభ్యర్థి పిస్టల్ తో తిరిగిన ఊళ్లో అతని పార్టీ ఓట్లు ఎన్నోరెట్లు పెరిగాయి. అందుకు అతనే కారణమని నేననను. కానీ జనం ఆ పార్టీని దూరం పెట్టలేదన్నది కళ్లెదుట ఉంది.

ఇంకో విశేషం. ఈ లీగ్ దశాబ్దాలపాటు తిట్టింది ఆఫ్రికన్లను కాదు, దక్షిణ ఇటలీవాళ్లను. సోమరులు, ఉత్తరాది సొమ్ము తినేవాళ్లు అని. దేశమంతటా ఓట్లు కావాల్సి వచ్చినప్పుడు ఎన్నికల గుర్తులోంచి "ఉత్తర" అనే మాట తీసేసింది. తిట్టడం మానలేదు, తిట్టాల్సిన మనిషిని మార్చింది. నిన్న లొంబ్రోసో శిష్యుల చేత తక్కువ జాతి అనిపించుకున్నవాళ్ల ఓట్లు కూడా ఇవాళ అడుగుతోంది. చెడు నిజంగా రక్తంలో ఉంటే ఎన్నికల లెక్కను బట్టి ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి ఎలా దూకుతుంది?

"అయినా వలసలు పెరిగితే నేరాలు పెరగవా? జనం కోపంలో న్యాయం లేదా?" అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు లెక్కల్లో ఉంది. 1991లో ఇటలీలో 1,900కు పైగా హత్యలు జరిగాయి. అప్పటికి అక్కడ విదేశీయులు చాలా తక్కువ. 2017 నాటికి విదేశీయుల సంఖ్య 50 లక్షలకు చేరింది. ఆ ఏడాది హత్యలు 400 కంటే తక్కువ. వలసల వల్లే హత్యలు తగ్గాయని నేననను, అది ఇంకో తప్పు వాదన అవుతుంది. కానీ వలసలతో హత్యలు పెరిగాయన్న మాట మాత్రం నిలవదు. ఇక ఇటలీలో ఉన్న నైజీరియన్లు లక్షమందికి అటూ ఇటూ. ఆ అమ్మాయి హత్యకు శిక్ష పడింది ఒకడికి. మొదట అతనితోపాటు అరెస్టయిన మరికొందరు నైజీరియన్ల మీద హత్యానేరం నిలవలేదు. న్యాయస్థానం ఆధారాలు చూసి ఇతను దోషి, వీళ్లు కారు అని వేరుచేసింది. వేరుచేసి చూడటమే హేతువు పని. కలిపి చూడటం మూఢత్వం పని.

ఇటలీవాళ్లకు ఈ సంగతి తమ సొంత చరిత్రలోంచే తెలియాలి. 1890లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ లో పోలీసు అధిపతిని ఎవరో కాల్చి చంపారు. నింద ఇటలీ నుంచి వచ్చినవాళ్ల మీద పడింది. జ్యూరీ ఒక్కరినీ దోషిగా తేల్చలేదు. మర్నాడు, 1891 మార్చి 14న, వేలమంది గుంపు జైలు మీద పడి 11 మంది ఇటాలియన్లను చంపింది. వాళ్లలో కొందరి మీద ఇంకా విచారణే జరగలేదు. ఇటాలియన్లు పుట్టుకతోనే కత్తిపోట్ల మనుషులని అప్పటి అమెరికా పత్రికలు రాశాయి. ఆ మాటలోని "ఇటాలియన్" తీసి "ఆఫ్రికన్" పెడితే 2018లో మచెరాతా గురించి విన్న మాటే అవుతుంది.

తాము బలవంతులైన చోట వాళ్లు చేసిందీ చూడాలి. 1935లో ముస్సోలినీ ఇథియోపియా మీద దండెత్తాడు. విషవాయువులు ప్రయోగించాడు. 1937 ఫిబ్రవరిలో ఆడిస్ అబాబాలో ఇద్దరు మనుషులు ఇటలీ రాజప్రతినిధి గ్రాజియాని మీద బాంబులు విసిరారు. అతను బతికాడు. దానికి మూడు రోజులపాటు నగరం మీద పడి వేలమందిని చంపారు, ఇళ్లు తగలబెట్టారు. ఇద్దరి పనికి ఒక నగరానికి శిక్ష! అలాంటి గ్రాజియానికి 2012లో రోమ్ కు దగ్గరలోని అఫీలె అనే ఊళ్లో స్మారకం కట్టారు. ఒక సమాజం దేన్ని గుర్తుపెట్టుకుంటుందో, దేన్ని మరిచిపోతుందో చూస్తే, నల్లవాళ్ల మీద కాల్పులు జరిపినవాడు స్మారకం దగ్గరకు ఎందుకు పోయాడో అర్థమవుతుంది.

మచెరాతా ఒక్కటే కాదు. 2011 డిసెంబరులో ఫ్లోరెన్స్ నగరంలో ఒక ఫాసిస్టు అభిమాని వీధిలో సరుకులు అమ్ముకునే ఇద్దరు సెనెగల్ వాళ్లను కాల్చి చంపాడు. 2016 జూలైలో మచెరాతాకు దగ్గరలోని ఫెర్మో పట్టణంలో ఒక నైజీరియా శరణార్థి, తన సహచరిని కోతి అని తిట్టినందుకు ఎదురుతిరిగి, దెబ్బలకు చనిపోయాడు. బోకో హరామ్ మతోన్మాదుల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన మనిషి అతను. మతమౌఢ్యం నుంచి తప్పించుకున్నవాణ్ణి మతంతో పనిలేని మౌఢ్యం చంపింది. 2022 జూలైలో మచెరాతా జిల్లాలోనే ఉన్న చివితనోవా మార్కె పట్టణంలో, కుంటుతూ ఊతకర్రతో నడిచే ఒక నైజీరియా వీధి వ్యాపారిని పట్టపగలు నడివీధిలో కొట్టి చంపారు. ఆ ఊతకర్రతోనే మొదట కొట్టాడు. దారినపోయేవాళ్లు ఫోన్లతో వీడియోలు తీశారు. ఇది జాతి ద్వేషం కాదని పోలీసులు వెంటనే చెప్పారు. ఆ ఒక్క హంతకుడి మనసులో ఏముందో నేను చెప్పను. కానీ నిలబడి వీడియో తీసినవాళ్ల మాటేమిటి? పడి ఉన్నవాడు తెల్లవాడైతే అందరూ అలాగే నిలబడేవారా అని ఎవరూ అడగకుండానే కేసు తేల్చడం ఏ రకం విచారణ?

ఈ "జాతి ద్వేషం కాదు" అనే మాట మనమూ విన్నాం. 2017 మార్చిలో ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఒక ఇంటర్ కుర్రాడు చనిపోయాడు. మత్తుమందు కారణం కావచ్చన్న అనుమానం. పక్కనే ఉండే నైజీరియా విద్యార్థులు అతన్ని తినేశారని పుకారు! పోలీసులు ఐదుగురిని పట్టుకుని, ఆధారాలు లేక వదిలేశారు. ఒక గుంపు షాపింగ్ మాల్ లో దొరికిన వేరే ఆఫ్రికన్లను కుర్చీలతో, రాడ్లతో కొట్టింది. ఆఫ్రికా దేశాల రాయబారులు ఇది జాతి వివక్ష అన్నారు. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. అంతకు ఏడాది ముందు, 2016 మేలో, మన హైదరాబాదులోనే బండి నిలిపే చోటు గురించిన తగాదాలో ఒక నైజీరియా విద్యార్థి తల పగలగొట్టారు. మచెరాతా గురించి మాట్లాడే అర్హత మనకు రావాలంటే ఈ సంగతులు కూడా చెప్పుకోవాలి.

ఇదే మూఢనమ్మకం తెలుగువాళ్లనూ చంపింది. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ లో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ ను ఒక తెల్లవాడు బార్ లో కాల్చి చంపాడు. ఇరానీ అనుకున్నాడట! అప్పుడు మన పత్రికలు, మన నాయకులు "పొరపాటున చంపాడు" అని బాధపడ్డారు. నిజంగా ఇరానీ అయి ఉంటే పొరపాటు కాదా? ఎదుటివాణ్ణి సరిగా గుర్తుపట్టకపోవడం అక్కడి తప్పు కాదు. గుర్తును చూసి తీర్పు చెప్పడమే తప్పు. ఈ తేడా తెలియనివాడు రేపు అవకాశం దొరికితే తానూ అదే పని చేస్తాడు.

మచెరాతాలో ఇంకో పని కూడా జరిగింది. ఫిబ్రవరి 10న వేలమంది ఆ ఊళ్లో జాత్యహంకారానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. ఉద్రిక్తత పెరుగుతుందని మేయర్ ఆపమన్నాడు. పెద్ద సంఘాలు కొన్ని వెనక్కి తగ్గాయి. బడులు, దుకాణాలు మూసేశారు. అయినా జనం వచ్చారు. అంటే అక్కడి జనమంతా ఒకేలా లేరు. "యూరప్ వాళ్లంతా జాత్యహంకారులు" అని నేను రాస్తే త్రైని చేసిన తప్పే నేనూ చేసినట్లు.

హేతువాద సంఘాల పని గురించి ఒక మాట. చేతబడి లేదని ఊరూరా తిరిగి చెప్తాం, నిప్పుల మీద నడిచి చూపిస్తాం. మంచిదే. కానీ మన కాలనీలో ఆఫ్రికన్ విద్యార్థికి ఇల్లు అద్దెకు ఇవ్వనప్పుడు, "వాళ్లంతా డ్రగ్స్ అమ్ముతారు" అని పక్కింటాయన అన్నప్పుడు, ఆ మాటకు ఆధారం అడిగేవాళ్లు మనలో ఎంతమంది? "వాళ్లంతా" అనే మాటతో మొదలయ్యే ప్రతి వాక్యానికీ రుజువు అడగాలి. వాళ్లంతా అంటే ఎంతమంది? ఎవరు లెక్కపెట్టారు? ఒకడు చేసిన పని ఇంకొకడికి ఎలా అంటింది? బాబా గాలిలోంచి విభూది తీసినప్పుడు ఇలాంటి ప్రశ్నలే అడిగాం. మనిషిని చూసి పాపం తీసేవాడినీ అవే అడగాలి. అడగనివాడు దేవుణ్ణి నమ్మకపోవచ్చు, హేతువాది మాత్రం కాడు.